మీ తలుపు నా మాట వింటోంది

తలుపు మీద అలా గుద్దితే చెయ్యి వాస్తుంది అల్లుడు గారూ, తలుపు మాత్రం తెరుచుకోదు. గొడ్డలి పెట్టి కొట్టినా చెక్కు చెదరదని కొన్నప్పుడు మీరే కదా చెప్పారు? అయ్యో, ఆ స్టూలునెందుకు తన్నడం! అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే కాబోలు.

అరవకండి. మీ నోరు కదలడం కనిపిస్తోంది గానీ మాట వినిపించదు. నా మాట ఆ స్పీకర్లోంచి మీకొస్తుంది, మీది ఇటు రాదు. అలా పెట్టించుకున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ మీరు మాట్లాడుతుంటే మేమంతా విన్నాం కదా, ఇవాళ కాసేపు మీరు వినండి.

ముందు ఆ తువ్వాలు సర్దుకోండి. హాల్లో ఏ మూల నిలబడ్డా కనిపించేట్టు కెమెరా బిగించింది మీరేనాయె.

ఫోన్ కోసం వెతక్కండి. మీరు స్నానానికి వెళ్ళగానే మా పెద్దమ్మాయి మీ ఫోన్నీ తన సర్టిఫికెట్లనీ సంచిలో వేసుకుని బయటపడింది. తలుపు తీసింది నేనే. మా చిన్నదాని ఇంట్లో కుర్చీలో కూర్చుని నా ఫోన్ మీద వేలితో ఇలా అన్నాను. తీసిందీ నేనే, వేసిందీ నేనే.

ఎలాగా అనేగా? మొన్న కొత్త టీవీ చూపించడానికి నన్నూ చిన్నదాన్నీ భోజనానికి పిలిచారు. ఈ బటనేంటి బాబూ, ఆ బటనేంటి బాబూ అని నేను మీ బుర్ర తింటుంటే మీకెంత సంబరమో! మీరు నాకు పాఠం చెబుతున్నంతసేపూ చిన్నది లోపలి గదిలో ఉంది. తలుపుకీ లైట్లకీ కెమెరాకీ ఆజ్ఞలిచ్చే ఆ తెల్ల డబ్బా లేదూ, దాంట్లోంచి కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి ఇంకోటి ఎక్కించింది. ఆ డబ్బా ఇవాళ్టిదాకా మీ మాట కూడా వింటూనే ఉంది లెండి, అనుమానం రాకుండా.

ఓపెన్ సోర్స్ అని చిన్నది ఓసారి అనగానే మీరు నవ్విన నవ్వు నేను మర్చిపోలేదు. "ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది అత్తయ్య గారూ? కంపెనీ సరుకైతే బాధ్యతుంటుంది" అన్నారు. నిజమేననుకున్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసి ఊరికే పంచిపెడితే ఎవరు మాత్రం నమ్ముతారు? "అలా కాదమ్మా, దీన్ని ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, దాపరికం ఉండదు" అంది చిన్నది. సరే, దాపరికం లేనిది ఆ ఇంట్లో ఇదొక్కటైనా ఉండనీ అనుకున్నాను.

మరి మీ బాధ్యత గల కంపెనీ ఒక్కనాడైనా అడిగిందా మిమ్మల్ని? బాబూ, ఆఫీసుకెళ్తూ తాళం వేస్తున్నావు, లోపల మనిషుంది కదా అని? చిన్నదానితో ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడిందని మిట్టమధ్యాహ్నం అక్కణ్ణుంచే ఫ్యాను ఆపేశారే, లైట్లార్పేశారే, ఎందుకు నాయనా అందా? నా కూతురు చెమటలు కక్కుతూ ఆ తలుపు దగ్గర కూర్చునేదట. ఆ సంగతి నాకు చెప్పనే లేదు, చిన్నది చెబితే తెలిసింది. నేను మిమ్మల్ని కడిగేస్తే ఆ ఫలితం తనకే తగులుతుందని దాని భయం.

తల అడ్డంగా ఊపకండి. భద్రత కోసం అంటారు, అంతేగా? కిటికీలకి ఊచలు కూడా భద్రత కోసమే పెట్టించారు. లాగి చూశారుగా ఇందాక, గట్టిగానే ఉన్నట్టున్నాయి.

పిల్లలతో నా ఒప్పందమైతే ఇదీ. పెద్దది ఇక్కడికి చేరగానే మీ తలుపు తీసెయ్యాలి. డబ్బాలో మా జాడ లేకుండా చెరిపెయ్యాలి. ఆ తర్వాత మీ దారి మీది, దాని దారి దానిది. నాచేత ఒట్టేయించుకుంది కూడా.

అది చేరింది. చేరి చాలాసేపైంది. కడుపునిండా తిని, పక్కగదిలో ఓ కునుకు తీసి లేచింది.

ఇప్పుడు నా వెనకాలే నిలబడి ఉంది. "అమ్మా, తలుపు తియ్యి. ఆయన మీద నాకు పగేం లేదు, బయటపడ్డాను, అది చాలు" అంటోంది. చిన్నదేమో ఫోన్ ఇమ్మని చెయ్యి చాపింది. మీరు రోజూ పెద్దదాని ఫోన్ తనిఖీ చేస్తారని ఈ ఏర్పాటు మొత్తం నా ఫోన్లో పెట్టారు పిల్లలు. ముసలిదాని ఫోన్ ఎవరు చూస్తారని!

చిత్రమేంటంటే, ఈ సాఫ్ట్‌వేర్ కూడా నన్నేం అడగలేదు. ఎవరో పుణ్యాత్ములు రాశారంటారు. అయితే ఏం, పట్టుకున్న చెయ్యి ఎలాంటిదో దానికేం తెలుసు? తియ్యమంటే తీసింది, వెయ్యమంటే వేసింది.

ఇందాక నేలమీద కూలబడి కెమెరాకి దణ్ణం పెట్టారు కదా మీరు. అప్పుడు జాలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. నిజం చెప్పనా? ప్రాణానికి హాయిగా ఉంది. మీరు ఎటు తిరిగితే అటు కళ్ళు తిప్పుతూ కూర్చున్నాను, వంట సంగతి కూడా గుర్తు రాలేదు. రోజంతా ఆఫీసులో కూర్చుని మీరేం చూసేవారో, ఎందుకు చూసేవారో ఇవాళ తెలిసొచ్చింది. నాకు భయమేస్తున్నది అందుకే, మిమ్మల్ని చూసి కాదు.

ఇస్తానే, లాగకు! ఇస్తానంటున్నానుగా. ఇంకాసేపు చూడనీ.