తిండి ఊసు లేని ప్రశ్న

షికాగోలో ఈస్టర్ ముందు శనివారం. ఇరాక్ నుంచి వచ్చిన క్రైస్తవులుండే మా అసిరియన్ వీధిలో, పక్కింటి నానమ్మ ఖర్జూరం పెట్టి పండగ బిస్కెట్లు, కులేచాలు చుడుతోంది. కాలేజీలో తమ అరామిక్ భాషే తీసుకున్న మనవరాలు ఎదురుగా నిలబడింది.

“చెయ్యి తియ్యి. ఉపవాసం. రేపటిదాకా ముట్టకూడదు. పరీక్ష ఏమైంది?”

“పోయింది నానమ్మా.”

“ఇంట్లో మాట్లాడే భాషలో పోవడమేమిటే?”

“మాస్టారితో ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ‘కూర్చో, తిను, ఇంకొంచెం తిను, తలుపెయ్యి, సిగ్గులేదూ’ అన్నాను.”

“తప్పేముంది? తిన్నాడా?”

“నువ్వు నాతో అన్నవే నాకొచ్చు. నేను మాట్లాడేది ఇంగ్లీషే కదా, అరామిక్‌లో నిన్నెప్పుడైనా ఏమైనా అడిగానా?”

“అడక్కుండానే అన్నీ పెట్టానుగా.”

“ఇంకో అవకాశమిచ్చారు. ఇంట్లో పెద్దవాళ్లని ఒక ప్రశ్న అడిగి, జవాబు రికార్డు చేసి తేవాలి. తిండి గురించి కాకూడదట.”

“సరే, అడుగు.”

“ఇరాక్‌లో మీ ఊరు వదిలి ఎందుకొచ్చేశారు?”

పిండి మీద చెయ్యి ఆగిపోయింది. నానమ్మ పళ్లెంలోంచి కాల్చిన కులేచా ఒకటి తీసి అందించింది.

“ముందు ఇది తిను.”

“ఉపవాసం నానమ్మా. ముట్టకూడదని నువ్వేగా అన్నావు?”

“అన్నాను కదూ.”

నానమ్మ కులేచాని మళ్లీ పళ్లెంలో పెట్టి, చేతులు తుడుచుకుంది.

“అయితే కూర్చో. చాలాసేపు పడుతుంది.”