చట్టం ముందు మీసం

సెలూన్ ప్లీడరు నోరు విప్పాడంటే కత్తెరకి సెలవే. ప్రతిదానికీ వాదనకి దిగుతాడని వీధివాళ్ళు పెట్టిన పేరది. ఆ సాయంత్రం కుర్చీలో సొంత బావమరిది ఉన్నాడు, ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగతో. వెనక బెంచీ మీద టాక్సీ డ్రైవరు, లెక్కల మాస్టారు.

"సాయంత్రం క్లాసుల లా కాలేజీకి అప్లికేషన్ పెట్టానా," అన్నాడు ప్లీడరు కత్తి గాల్లో ఆడిస్తూ, "ఇంటర్వ్యూకి రమ్మన్నారు. వెళ్ళా. ప్రిన్సిపాలు నన్ను ఎగాదిగా చూసి, ఈ వయసులో లా ఎందుకయ్యా అన్నాడు. నేనేమన్నానో తెలుసా?"

"ఏమన్నావేంటి?" డ్రైవరు ముందుకి జరిగాడు.

"సార్, చట్టం ముందు అందరూ సమానమే కదా, మరి మీ ఎడమ మీసం పొట్టిగా ఎందుకుందీ అన్నా! పాపం, గబుక్కున మూతి మూసుకున్నాడు. జేబులోంచి కత్తెర తీసి అక్కడికక్కడే న్యాయం చేసేశా. అంతే! లెక్చరర్లంతా క్లాసులొదిలేసి వరండాలో వరసకట్టారు, మాకూ న్యాయం కావాలంటూ!"

"ఇంకేం, కోర్టుక్కూడా కబురెళ్ళి ఉంటుంది," అన్నారు మాస్టారు నవ్వాపుకుంటూ.

"నవ్వండి మాస్టారూ, అక్షరాలా అదే జరిగింది! జడ్జిగారు కారు పంపించారు. ఎవరో అన్నదమ్ములు, అసలే ఒకే పోలిక, తాతల నాటి గోడ తగాదా, ఎంతకీ తెగట్లేదట. నేను పుస్తకం ముట్టుకుంటే ఒట్టు. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి గుండు గీసేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కేసు పెట్టిందెవడో, పెట్టించుకుందెవడో వాళ్ళ లాయర్లకే తెలియలా! కేసు కొట్టేశారు! జడ్జిగారు కుర్చీ దిగిపోయి, నువ్వు కూర్చోవయ్యా, నేనే నీ దగ్గర సాయంత్రం క్లాసులకొస్తా అన్నారు. షాపు చూసుకోవాలి, కుదరదు సార్ అని నేనే వచ్చేశా!"

డ్రైవరు బెంచీ చరిచి మరీ నవ్వాడు. ప్లీడరు మొహం వెలిగిపోయింది. బావమరిది మాత్రం అద్దంలోంచి అతన్నే చూస్తున్నాడు.

"అంతా బాగానే ఉంది గానీ బావా, ఆ ఇంటర్వ్యూ ఇవాళ ఆరింటికి కదా? అక్క పొద్దున్నే నీ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది. నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటి?"

కత్తి గాల్లోనే ఆగిపోయింది. గడియారంలో ఐదున్నర.

"భయంగా ఉందిరా," అన్నాడు ప్లీడరు. అంత చిన్న గొంతు అతనికుందని ఆ షాపులో ఎవరికీ తెలీదు. "ఇక్కడ మీరంతా మనవాళ్ళు, ఎంతైనా వాగుతా. అక్కడ నోరు పెగలకపోతే? నిజంగానే చదువుకోవాలనుందిరా నాకు. వాళ్ళు కాదంటే ఇంక మళ్ళీ అడిగే ధైర్యం కూడా ఉండదు."

మాస్టారు లేచొచ్చి కత్తి అందుకుని పక్కన పెట్టారు. డ్రైవరు అప్పటికే బయటికెళ్ళి టాక్సీ స్టార్ట్ చేశాడు. బావమరిది కుర్చీలోంచి దూకి బావని భుజాలు పట్టుకుని గుమ్మం దాకా నెట్టుకొచ్చాడు.

"వెళ్ళు బావా. అక్కడ ఒక్క ప్రశ్నకి నిజంగా జవాబు చెప్పి రా, చాలు. వచ్చాక కథలో మిగతా తొంభైతొమ్మిదీ మేం కలుపుకుంటాం."