తనఖా కంటే ముందు జీతం: శ్రీ పుల్లేటికుర్తి శశిభూషణరావు గారి సేవాకాలం

1967వ సంవత్సరం జూలై 14వ తేదీ శుక్రవారం నాడు మన బ్యాంకు కాకినాడ శాఖలో గుమాస్తాగా చేరిన శ్రీ పుల్లేటికుర్తి శశిభూషణరావు గారు, ముప్పయ్యేడున్నర సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరం ప్రాంతీయ కార్యాలయం నుంచి ముఖ్య న్యాయాధికారిగా పదవీ విరమణ చేస్తున్నారు. పదమూడేళ్ళుగా వారి వద్ద సహాయ న్యాయాధికారిగా పనిచేస్తున్న నన్ను మన బ్యాంకు పత్రిక ఈ సంచికకు వ్యాసం రాయమని సంపాదకులు కోరారు. పొగడ్తలు వద్దు, జరిగింది జరిగినట్టు రాయమ్మా అని శశిభూషణరావు గారు ముందే షరతు పెట్టారు గనుక అలాగే రాస్తున్నాను.

అంబాజీపేట సమీప గ్రామంలో పౌరోహిత్య కుటుంబాన జన్మించిన వారు, ఉద్యోగం చేస్తూనే న్యాయశాస్త్ర పట్టా పొంది, 1981లో న్యాయాధికారిగా రాజమహేంద్రవరం వచ్చారు. మొదటి పదేళ్ళూ వారి బల్ల మీదికి వచ్చినవన్నీ కొబ్బరితోటల, వరిపొలాల తనఖా పత్రాలే. 1992లో మన బ్యాంకు ఓడలకు, బార్జీలకు కూడా అప్పులివ్వడం ఆరంభించింది. కాకినాడ తీరానికి దూరంగా లంగరు వేసిన పెద్ద ఓడలకు బియ్యం బస్తాలు చేరవేసే ఇనుప పడవలే ఈ బార్జీలు. "పొలం తెల్లారేసరికి పొలంలోనే ఉంటుంది. బార్జీ ఎక్కడుంటుందో ఎవరు చెప్పగలరండీ?" అని ఆ రోజుల్లో అందరినీ అడిగేవారు. అప్పటికే వేరొకచోట తనఖాలో ఉన్న మరపడవ మీద 1994లో మనవాళ్ళు రుణమిచ్చి నష్టపోయారు. ఆ పత్రాలు సరిచూసింది తామేనని, ఓడరేవు కార్యాలయంలోని నమోదు పుస్తకం చూడకుండా సంతకం చేశామని, కొత్తగా చేరిన ప్రతి అధికారికీ శశిభూషణరావు గారే స్వయంగా చెప్పేవారు. ఆ తరువాత ఆ పుస్తకాన్ని తమ కళ్ళతో చూడనిదే ఏ ఓడ కాగితం మీదా సంతకం చేయలేదు.

ఇక 1996 నాటి సంగతి. రావులపాలెంలో అరటి వ్యాపారం చేసిన చంద్రరావు గారు మన రుణంతో 'సాయిదుర్గ' అనే బార్జీ కొన్నారు. ఎగుమతులు తగ్గి వాయిదాలు ఆగిపోయాయి. ఆగస్టులో హైకోర్టు నుంచి బార్జీ జప్తు ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు ప్రతిని బార్జీకే అంటించాలి. కోర్టు అమీనాతో శశిభూషణరావు గారు, నేను లాంచీలో బయలుదేరాము. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో లాంచీ ఎక్కిన మా అధికారి, అలలు మొదలైన పావుగంటకే రెయిలింగు పట్టుకుని వాంతులు చేసుకున్నారు. బార్జీ ఎక్కించడానికి ఇద్దరు మనుషులు జబ్బలు పట్టుకోవలసి వచ్చింది. దాన్ని నడిపే సరంగు లాజరు గారు నిమ్మకాయ కోసి వారి చేతిలో పెట్టి, కాస్త తేరుకున్నాక మెల్లిగా అడిగారు.

"అయ్యగారూ, బార్జీ మీరు తీసుకుంటే తీసుకోండి. మా ఆరుగురికీ ఏడు నెలల జీతం రావాలండి. దిగిపొమ్మంటే మేమెవర్ని అడగాలండి?"

"ఎవరూ దిగొద్దు. ముందు మీ హాజరు పుస్తకం ఇలా ఇవ్వండి" అన్నారు శశిభూషణరావు గారు.

ఓడలో పనిచేసినవారి జీతానికి ఆ ఓడ మీదే హక్కు ఉంటుందని, అమ్మకం సొమ్ములో బ్యాంకు తనఖా కంటే ఆ జీతమే ముందు చెల్లించాలని న్యాయం. ఆ విషయం మాకిద్దరికీ తెలుసు. అయినా తిరుగు ప్రయాణంలో నేనన్న మాట దాచను. "సార్, కోర్టుకిచ్చే నివేదికలో జీతాల సంగతి మనమెందుకు రాయాలండీ? వాళ్ళు కోర్టుకు వెళ్తే అప్పుడు చూద్దాం."

"వాళ్ళు వెళ్ళలేరని నీకు తెలుసు. అందుకే కదమ్మా ఆ మాటన్నావు?"

మర్నాడు ఆ నివేదికను నాచేతనే టైపు చేయించారు. జీతాలను మొదటి చెల్లింపుగా ఒప్పుకోవాలని, బార్జీ కాపలాకు అదే సిబ్బందిని ఉంచాలని అందులో ఉంది. అప్పటి ఉన్నతాధికారి ఆ కాగితం చదివి, "మీకు జీతం ఇస్తున్నది ఎవరండీ?" అని అడిగారు.

"బ్యాంకేనండి. అందుకే బ్యాంకు చేత కోర్టులో అబద్ధం చెప్పించను."

దాని ఫలితంగా వారికి మెమో వచ్చింది, రావలసిన పదోన్నతి ఆగిపోయింది. కానీ నివేదిక కోర్టుకు వెళ్ళింది, కోర్టు అంగీకరించింది, లాజరు గారి బృందం బార్జీ మీదే ఉండిపోయింది.

నవంబరు 6న తుపాను వచ్చింది. ముందురోజే లాజరు గారు బార్జీని ఉప్పుటేరులోకి లాగించి, రెండింతల తాళ్ళు కట్టించారు. ఆరుగురూ ఒకటిన్నర రోజు నీళ్ళు తోడుతూనే ఉన్నారు. ఒక తాడు బిగుసుకున్నప్పుడు ఏసురాజు అనే కళాసీ కుడిచెయ్యి దానికీ గుంజకూ మధ్య పడి నలిగింది, రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది. అదే తీరంలో వేరొక రుణదాత జప్తు చేసి, సిబ్బందిని పంపివేసిన బార్జీ తాళ్ళు తెంచుకుని, ఇసుకమేట మీద విరిగిపోయింది. సాయిదుర్గ మిగిలింది.

అందరూ శశిభూషణరావు గారిని అభినందించారు. వారు మాత్రం ఆనందించలేదు. "ఉండమన్నది నేనే కదమ్మా" అని ఒక్కమాటన్నారు. తరువాత ఆరు ఆదివారాలు బస్సెక్కి కాకినాడ ఆసుపత్రికి వెళ్ళారు. మొదటి రెండుసార్లు ఏసురాజు గారి భార్య సంపూర్ణమ్మ గారు ముఖం తిప్పుకున్నారట. మూడోసారి, "ఈ చేత్తో ఆయన మళ్ళీ తాడు పట్టలేడండి. ఏం రాస్తారో రాయండి" అన్నారట. వారు అక్కడే కూర్చుని నష్టపరిహార దరఖాస్తు రాశారు.

1998 మార్చిలో బార్జీ అమ్ముడైంది. చెక్కుచెదరని బార్జీ గనుక మంచి ధర పలికింది. ఆరుగురి జీతాలు, ఏసురాజు గారి పరిహారం ముందుగా చెల్లించగా, మిగిలిన సొమ్ముతో మన అప్పు దాదాపు మొత్తం తీరింది. చంద్రరావు గారి ఇంటి జోలికి వెళ్ళే అవసరం కలగలేదు. మరుసటి ఏడు శశిభూషణరావు గారికి ఆగిన పదోన్నతి లభించింది. ఓడల రుణ దరఖాస్తుతో పాటు సిబ్బంది జీతాల చెల్లింపు పత్రం కూడా తీసుకోవాలని 2001లో మన ప్రధాన కార్యాలయం జారీ చేసిన ఉత్తర్వు ముసాయిదా వారి దస్తూరీయే. వారి చెంత నేను నేర్చినదంతా చట్టమే అనుకునేదాన్ని, చట్టం అందులో కొంతేనని ఇప్పుడు తెలుస్తోంది.

విరమణానంతరం వారానికి రెండు రోజులు కాకినాడలో ఉండి, పడవల యజమానులకూ కళాసీలకూ ఉచితంగా కాగితాలు చూసి పెడతామంటున్నారు. సహధర్మచారిణి శ్రీమతి ఫణిశ్రీ గారు మిగతా ఐదు రోజులూ ఇంట్లోనే ఉండాలని మాట తీసుకున్నారని విన్నాము. చిన్న అక్షరాలు చదవడానికి చూపు, రేవు గట్టు మీద నడవడానికి కాళ్ళలో సత్తువ, ఫణిశ్రీ గారి పక్కన తీరికగా కూర్చోవడానికి బోలెడన్ని సాయంత్రాలు వారికి నిండు నూరేళ్ళూ లభించాలని ఈ కార్యాలయంలోని మేమందరం మనసారా కోరుకుంటున్నాము.

మధులత
సహాయ న్యాయాధికారి, రాజమహేంద్రవరం