పదమూడో పూస

మ్యూజియం వెనక గది. ఇరవయ్యేళ్లుగా నీటిబల్లుల ఎముకలు శుభ్రంచేసి, వాటి కాలికి దారంతో చీటీలు కట్టే ముసలాయన బల్ల ముందు కూర్చున్నాడు. ఎదురు కుర్చీ అంచున ప్రొఫెసర్.

"...అయితే చీటీలు తారుమారు చేసింది నేనేనని రాసివ్వాలి. అంతేగా?"

"పొరపాటున జరిగిందని రాయి, పెద్దాయనా."

"ఎలా రాసినా పడేది నా నెత్తినే కదండీ."

"నీకేం పోతుంది? రేపో మాపో మానేసేవాడివి. నాకు ఇరవయ్యేళ్ల పని పోతుంది."

"మా ఆవిడకీ ఇక్కడి పని పోయింది."

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"ఊరికే. కొండచెరువు నీటిబల్లికి మొండెంలో వెన్నుపూసలు పదమూడు, పల్లపు చెరువుదానికి పన్నెండు, రెండూ వేరే జాతులు అన్నారు మీరు. మా ఆవిడ లెక్కపెట్టి, నంబర్లు కాయితమ్మీద రాసుకుని, కొండవాటిలోనూ పన్నెండు పూసలవి ఉన్నాయండీ అంది. దానికి చూపు ఆనదని ఇంటికి పంపేశారు."

"అప్పుడు అలా అనిపించింది."

"జన్యుపరీక్ష వాళ్లకి బాగానే ఆనినట్టుంది."

"దెప్పకు. పల్లపువని చీటీ ఉన్నవాటిలో కొన్ని కొండవేనని తేల్చారు. సాయంత్రం విచారణ కమిటీ కూర్చుంటుంది. నువ్వు రాసిస్తే నీ పొరపాటు. లేకపోతే నా మోసం."

"మోసమన్న మాట మీరే అన్నారు. నేననలేదు."

"వాళ్లంటారు అంటున్నా. రాస్తావా, రాయవా?"

"రాస్తాను. మూడో తరగతి చదువు నాది, నెమ్మదిగా చెప్పండి. ఏయే నంబర్లు?"

"ఏడు. పద్నాలుగు. పంతొమ్మిది."

"పం...తొ...మ్మిది. ఇంతేనా? రేపు ఇంకోటి బయటపడితే మళ్లీ నన్నే పిలుస్తారు. ఉన్నవన్నీ ఒకేసారి ఒప్పేసుకుంటా, పీడాపోతుంది."

"అదీ నిజమే. ఇరవైరెండు, ముప్పై ఒకటి కూడా రాయి."

"మొత్తం ఐదు."

"ఐదే. సంతకం పెట్టు."

"పెడతాగానీ సారూ, ఒక్క మాట. పరీక్షకి పంపింది మూడింటినే. ఈ చివరి రెండూ నా బీరువా దాటి పోలేదు. వాటి చీటీలు మారాయని మీకెవరు చెప్పారు?"

"ఆ కాయితం ఇలా ఇవ్వు."

"నేను మార్చలేదు కదా."

"ఆ పక్కగది తలుపు తీసి ఉందేం?"

"గాలికండి. కమిటీవాళ్లు పొద్దుటే వచ్చి కూర్చున్నారు, లోపల ఉక్కగా ఉందట... ఏమే, నీ కాయితంలో నంబర్లతో సరిపోయాయా?"