ఏడిళ్ళూ తిరగని పిల్లికూన

చీపురుపల్లిలో ఒక బెల్లం కొట్టు. కొట్టు వెనక ఇంట్లో, పురిటి గది గుమ్మం దగ్గర.

“ముట్టుకోకే యమునా! తల్లి ఏడిళ్ళు తిప్పితేగానీ పిల్లికూన కళ్ళు ఇప్పదు. రైసుమిల్లులో ఈనింది, అక్కడ్నించి పిండిమర, ఇప్పుడు మా అటక. మూడిళ్ళే అయినాయి.”

“బుజ్జమ్మ పిన్నీ, పశువులాసుపత్రిలో పని సేస్తన్న దాన్ని. ముట్టుకోకుండా ఎలగ సూడమంటావు? మరెందుకు పిలిచేవు నన్ను?”

“నాను పిలవనేదు. మా అమ్మాయి సింధూయే ఫోను సేసింది. పురిటి మంచం మీద కూకుని పిల్లికి వైద్యమంట. సోద్యం కాపోతే!”

“నేనే పిలిచేనమ్మా. సూడనీ. యమునక్కా, ఇలగ వెలుగులోకి రా.”

“ఏదీ... అయ్యో. మిగతా కూనలేవి?”

“రెండు సచ్చిపోనాయక్కా. ఇదొక్కటే మిగిలింది.”

“ఇది కూడా పోనాదంటే కొట్లో ఎలకలకి పండగే. మొన్న బస్తా అడుగున ఎంత కన్నం పెట్టీసినాయో తెలుసా?”

“పిన్నీ, ఎలకల సంగతి తరవాత. ఈ రెప్పలు సూడు, ఎలగ ఉబ్బిపోనాయో. ఇంకా కళ్ళు ఇప్పని కూనకి రెప్ప సదునుగా ఉండాల. లోపల సీము పడితేనే ఇలగ బుడిపి కడతాది. ఈ మూల్న పచ్చగా కారతన్నాది, కనపడతన్నాదా?”

“పుసి! పిల్లలకి పుసి కట్టదేటి? సింధూ పాలు రెండు సుక్కలు పిండేం. సనుబాలు కంటికి సలవ.”

“పాలు పోస్తే సీముకి మేత ఏసినట్టే పిన్నీ.”

“మా అమ్మ నాకు పోసింది, నాను సింధూకి పోసేను. మా కళ్ళేం పోనాయి? నాలుగు రోజులు ఆసుపత్రిలో తిరిగీసరికి మాకే సెప్పొచ్చీసింది!”

“అమ్మా, ఉండమ్మా. అక్కా, ఎలగ కడగాల? నెమ్మదిగా సెప్పు.”

“నీళ్ళు మరగబెట్టి, గోరెచ్చగా అయ్యేక కాసింత ఉప్పు కలపాల. దూది ముంచి రెప్ప మీద ఉంచాల. ఎండిన పుసి దానంతటది నానాల, గోటితో లాగకూడదు. ముక్కు కాడ్నించి బయటికి తుడవాల. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడకూడదు.”

“ఒక కంటి దూది రెండో కంటికి వద్దు. తరవాత?”

“తరవాత ఆయింట్‌మెంటు. అది డాక్టరు సూసి రాయాల. ఇంట్లో మిగిలిపోయిన సుక్కల మందులు ఏవంటే అవి పొయ్యకూడదు. పుసి కనపడ్డ రోజే మొదలెట్టాల. ఏటే, పరీక్షకి ఎల్తన్నట్టు అప్పజెప్పుకుంతన్నావు?”

“నవ్వకక్కా. ఇవిగో వేణ్ణీళ్ళు, ఇదిగో దూది.”

“అన్నీ ముందే పెట్టుకున్నావా! ఇంత ఇది ఉన్నదానివి, అప్పుడే దీన్ని ఆసుపత్రికి పంపొచ్చు కదా.”

“నన్ను గుమ్మం దాటనిస్తేనా?”

“పురుడు తీరకుండా గుమ్మం దాటుతాదా బాలింత? మాటలేటే అవి!”

“సరే పిన్నీ, సరే. అదిగో, లోపల బాబు లేచినట్టున్నాడు. ఏదీ, ఒక్కసారి సూపించవే సింధూ. పుట్టిన కాడ్నించి నేను సూడనేదు.”

“ఇప్పుడొద్దు! అల్లుడుగారోలు వచ్చి పేరెట్టేదాకా ఎవరికీ సూపించం. దిష్టి.”

“నా దిష్టేటి పిన్నీ? నీ ఎదర పెరిగిన దాన్ని.”

“ఎవరి దిష్టైనా దిష్టే. నువ్వొచ్చిన పని సూడు.”

“సూస్తన్నాను. నానింది... రెప్ప ఇడతన్నాది. అమ్మో, ఎంత సీమో! సింధూ, మొకం అటు తిప్పుకో.”

“తిప్పను. నేను సూడాల. ఏటక్కా అది, తెల్లగా?”

“కన్నే. గుడ్డు పగిలిపోనాది.”

“రెండోదో?”

“ఉండు... రెండోదీ అంతే. లోపల్లోపల కుళ్ళిపోనాది పాపం.”

“మందేస్తే?”

“నొప్పి తగ్గుతాది. ప్రాణం నిలబడొచ్చు. సూపు రాదు.”

“ఒక్క కన్నైనా...”

“రాదమ్మా. నీకు అబద్ధం ఎందుకు సెప్పాల?”

“పోనీ, మిగతా నాలుగిళ్ళూ తిప్పేక సూద్దాం. తొందరేటి?”

“డెబ్బై ఇళ్ళు తిప్పినా రాదు పిన్నీ! తల్లి తిప్పేది కుక్కలకి బయపడి. కళ్ళు ఇప్పడానికి కాదు.”

“అలగైతే గుడ్డి పిల్లి నాకెందుకు? ఇది ఎలకని పడతాదా? ఎలకే దీన్ని పడతాది. గోనెలో కట్టి గెడ్డ నీళ్ళు దాటించి ఒగ్గీమంటాను.”

“ఒగ్గకు పిన్నీ. నేను అట్టుకుపోతాను.”

“అమ్మా, కొట్టు కాడ ఎవరో పిలుస్తన్నారు.”

“వస్తన్నా, వస్తన్నా! ఆ బెల్లం దిమ్మ మీద సెయ్యెయ్యకు నాయనా, వస్తన్నా! సింధూ, తలకి గుడ్డ కట్టుకో, గాలి కొడతాది.”

“అక్కా, అమ్మ ఎల్లిపోనాదా?”

“ఎల్లింది. ఏటే ఇది? పిల్లికూన కోసం ఇంత ఏడుస్తారా ఎక్కడైనా? బాలింతవి, ఒంటికి మంచిది కాదు.”

“పుసి కనపడ్డ రోజే మొదలెట్టాలన్నావు.”

“అన్నాను. దీనికి ఆలస్యం అయిపోనాది, ఏటి సేస్తాం? నీ తప్పేం కాదు.”

“ఎంత ఆలస్యమైతే... ఇంక లాబం ఉండదు?”

“అది సెప్పలేం. రెప్ప ఇప్పి సూస్తేగానీ తెలీదు. అయినా అయిపోయిన దాని గురించి ఇప్పుడెందుకే?”

“అక్కా... డెలివరీ అయి ఇంటికొచ్చిన కాడ్నించీ మా బాబు కళ్ళిప్పి నన్ను సూడనేదు.”