గొడుగుల నవలా, ఆదోని బస్సూ

ఈ సాయంత్రపు సభను నడిపిస్తున్న రామకృష్ణ సారుకు, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, రోజూ పేపరు కోసం నాకన్నా ముందే వచ్చి గేటు దగ్గర నిలబడే మిత్రులకు, మగ్గాలు ఆపి వచ్చిన అన్నలకు, అక్కచెల్లెళ్లకు, రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే లతకు, మీ ముంతాజ్ నమస్కారాలు, సలాములు.

ఇంతకుముందు మాట్లాడినవాళ్లందరూ నాకు ఓర్పు ఎక్కువ అన్నారు. ఈ గ్రంథాలయంలో ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు కింద ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్నదాన్ని, నోరు విప్పే వీలు దొరక్క అలా కనిపించి ఉంటాను. (నవ్వులు) ఇవాళ మైకు నా చేతికొచ్చింది. రామకృష్ణ సార్ గడియారం చూసుకుంటున్నారు. సార్, మీరు రిటైరైన రోజు గంటంపావు మాట్లాడారు. ఆ సభలో నేనూ ఉన్నాను. (నవ్వులు)

ఉద్యోగం మొత్తం చెప్పి మిమ్మల్ని కష్టపెట్టను. ఒక్క పుస్తకం సంగతి చెబుతాను. మూడేళ్ల కిందట కొత్త పుస్తకాల కట్టలో ఒక జపాన్ నవల తెలుగు అనువాదం వచ్చింది. ఆరు నెలలు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోకపోతే దానికి బాధగా ఉంటుందేమోనని నేనే ఇంటికి తీసుకెళ్లాను. కథ చిన్నది. ఒక ఊళ్లో గొడుగులు బాగుచేసే ముసలాయన ఉంటాడు. మన పాత గొడుగు ఆయనకిస్తే బాగుచేసి ఇస్తాడు. దాన్ని మొదటిసారి తెరిచినప్పుడు, ఒకప్పుడు ఆ గొడుగు కింద మనం నిలబడిన ఒక వాన రోజుకు వెళ్లిపోతాం. అయితే అక్కడ మనం మాట్లాడలేం. వినడం ఒక్కటే. ఎవరో మనతో ఏదో అన్నప్పుడు సరిగ్గా వినకుండా పోయి, తర్వాత ఏళ్ల తరబడి బాధపడే మనుషులు ఆ అంగడికి వస్తుంటారు. అంతే కథ. అరుపులు లేవు, చావుబతుకుల పోరాటాలు లేవు. చదవడం అయ్యాక మళ్లీ మొదటి పేజీ తీశాను.

మన ఆదివారం చదువరుల సమావేశంలో ఆ నవల గురించి చెప్పాను. మొదట తీసుకెళ్లింది కుమారస్వామి. మగ్గం మీద కూర్చుంటే పక్కన బాంబు పడినా లేవడని పేరు. నాలుగు రోజులకు పుస్తకం తిరిగిచ్చి, “బాగుంది మేడమ్, గాని ఈ అంగడి మనూర్లో నడ్సదు” అన్నాడు. ఎందుకని అడిగాను. “మనోళ్లు గొడుగు పట్టేది ఎండకు గదా. వానరోజు సూద్దామని తెరిస్తే అందరూ పొయ్యి మేనెల ఎండలో నిలబడ్తారు” అన్నాడు. (నవ్వులు) నవ్వకు కుమారస్వామీ, నువ్వన్నదే.

రెండోవారు నందవరం మహానందిగారు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవారు. ఆయనకు కోపం వచ్చింది. “ముప్పై రెండేండ్లు బస్సులో అరిసి అరిసి బతికినోన్ని. ఆడికి పొయ్యి నోరు మూసుకోని నిలబడాల్నా?” అని నాతో వాదించారు. వాదించి, అదే పుస్తకం మళ్లీ రాయించుకుని పట్టుకెళ్లారు. వారం తిరక్కముందే ఆయన భార్య హులిగమ్మ బస్సెక్కి వచ్చింది. “ఏం పుస్తకమిచ్చినారు మేడమ్? నాలుగు దినాల నుంచి నేను మాట్లాడ్తాంటే ఈయప్ప నోరెత్తకుండా ఇంటాండాడు. ఒంట్లో బాగలేదేమోనని బయమైతాంది” అంది. (పెద్దగా నవ్వులు) ఏ జబ్బూ లేదని చెప్పి పంపించాను. ఆ రచయితకు ఎమ్మిగనూరు అనే మన ఊరొకటి ఉందని తెలియదు. నందవరంలో ఒక ఇంట్లో భార్య మాట వింటున్నారని అసలే తెలియదు.

మూడో మనిషి అంబమ్మ. అదిగో, కిటికీ పక్కన కూర్చుంది. నేతగాళ్లకు నూలు కండెలు చుట్టి ఇస్తుంది. నలభై ఐదేళ్లు దాటాక మన గ్రంథాలయం గదిలోనే సాయంత్రం తరగతిలో అక్షరాలు నేర్చుకుంది. ఆ నవల చదవడానికి ఆమెకు రెండున్నర నెలలు పట్టింది. నాలుగుసార్లు గడువు పొడిగించాను, ఎందుకు పొడిగించారని అడిగేవాళ్లుంటే రేపటి నుంచి లతను అడగండి. (నవ్వులు)

పుస్తకం బల్ల మీద పెట్టి అంబమ్మ, “ఒకటి అర్థం కాలే మేడమ్” అంది. నవలలో ఒక దర్జీ ఉన్నాడు. చెల్లెలు రైలెక్కేటప్పుడు వానలో ఏదో చెప్పింది, అతను సరిగ్గా వినలేదు. ఇరవై ఏళ్ల తర్వాత గొడుగు బాగుచేయించుకుని ఆ స్టేషనుకు వెళ్లి వింటాడు. నవలలో అందరికీ నచ్చే ఘట్టం అదే.

“ఆ చెల్లెలు బతికే ఉంది గదా?” అంది అంబమ్మ. “సివర్లో జాబు రాసింది గదా ఆయమ్మ.”

“బతికే ఉంది” అన్నాను.

“మరి బస్సెక్కి పొయ్యి అడిగితే సరిపోదా? గొడుగెందుకు?”

కండెల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆమె నన్ను ఉద్దేశించి అనలేదు. నా సంగతి ఆమెకు తెలియదు.

నా సంగతి ఇప్పటిదాకా మీలో చాలామందికి తెలియదు. ఆదోనిలో నాకు ఒక అక్క ఉంది, ఫాతిమా బీ. ఆపా అని పిలుస్తాను. ఈ నవల వచ్చేనాటికి తొమ్మిదేళ్లుగా మా మధ్య మాటల్లేవు. మా అమ్మ ఆపా ఇంట్లోనే పోయింది. ఆ రోజు ఇక్కడ పుస్తకాల తనిఖీ. కబురందుకుని నేను ఆదోని చేరేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలోనే ఆపా నాకు ఎదురొచ్చి, “అమ్మ నిన్ను అడగనే లేదు” అంది. ఉద్యోగం ఉద్యోగమని తిరిగినదాన్ని, నాకు అది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వెనక్కి తిరిగి బయటికొచ్చేశాను. మూడో రోజు జియారత్ ప్రార్థనలదాకా ఆమెతో మాట్లాడకుండానే ఉండి వచ్చేసినదాన్ని మళ్లీ ఆ గడప తొక్కలేదు. చుట్టాల పెళ్లిళ్లలో ఎదురుపడితే చెరొక వరుసలో కూర్చునేవాళ్లం.

అంబమ్మ ఆ మాటన్నాక మూడు రోజులు నాకు పని మీద మనసు లేదు. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. ఆదోని బస్సెక్కాను. గంట ప్రయాణం. దారిలో రెండుసార్లు దిగిపోదామనుకున్నాను. ఆపా వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. తలెత్తి చూసింది. మేం ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకుంటాం, మీ కోసం తెలుగులో చెబుతున్నాను.

“ఇంత పొద్దున వచ్చినావు, తిన్నావా?” అంది.

“లేదు” అన్నాను.

“చేతులు కడుక్కోనిరా.”

తింటూ తింటూ అడిగాను. “ఆపా, ఆ పొద్దు అమ్మ నన్ను అడగలేదన్నావే, ఎందుకన్నావట్ల?”

“అడగలేదు కాబట్టి అన్నాను. యాడ చెప్పనిచ్చినావు నువ్వు? సగంలోనే తిరుక్కోని పోయినావు. నిన్ను అడగలేదు, నన్నూ అడగలేదు. పక్కనే కూర్చోనుంటే ఒక్కసారి నా మొగం చూడలేదు. మేకకు ఆకేసినారా, మేకకు ఆకేసినారా, పొద్దంతా అదే మాట. ఇద్దరు కూతుర్లను పెట్టుకోని మేకను తలుచుకుంటా పోయింది చూడు అని నీకు చెప్పుకోవాలనుకుంటి. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోవాల నేను?”

ముద్ద పళ్లెంలో పెట్టేశాను. “వేసినారా మరి?” అన్నాను.

“ఏంది?”

“మేకకు ఆకు.”

ఆపా నన్ను చూసింది. చింతపండు గిన్నె పక్కకు జరిపి గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. లోపలి నుంచి కోడలు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే ఇద్దరిలో ఒక్కరమూ చెప్పలేకపోయాం. ఆ తొమ్మిదేళ్లలో ఆపాకు కంటి ఆపరేషను జరిగింది. మనవరాలు పుట్టి బడికి పోయే పిల్లయింది. నేను అక్కడ లేను. నవ్వినంత మాత్రాన ఆ రోజులు నాకు తిరిగి రావు, ఆ సంగతి దాచను. కానీ తర్వాతి శుక్రవారాలు నావే.

ఆపాకు తెలుగు చదవడం రాదు. ప్రతి శుక్రవారం వెళ్లి ఆ నవలే వినిపించాను. వినడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లూ చేరారు. పూర్తయ్యాక, ఎలా ఉంది ఆపా అని అడిగితే, “ఆ ముసలాయన పుస్తకమంతా గొడుగులు బాగుచేస్తానే ఉండాడు. ఒక్కపూటన్నా అన్నం తినలేదు. ఆ ఊర్లో ఎవరూ పిలవరా?” అంది. (నవ్వులు) ముప్పై ఒక్క ఏళ్లలో పుస్తకాల మీద ఎన్నో అభిప్రాయాలు విన్నాను, సమీక్షలు చదివాను. ఈ మాట ఎవరూ అడగలేదు. ఆపా ఈ సభలోనే ఉంది. లేచి నిలబడమంటే నాతో మళ్లీ మాట్లాడదు, కాబట్టి ఎక్కడుందో చెప్పను. (నవ్వులు, చప్పట్లు)

పుస్తకం మనుషుల్ని మార్చేస్తుందని వేదికల మీద అంటూ ఉంటాం, నేనూ అన్నాను. నాకు ఇప్పుడు అంత పెద్ద మాట అనాలని లేదు. పుస్తకం రాసినాయన రాశాడు. దాన్ని చదివి, అది ఒప్పుకోక, ఎదురుప్రశ్న వేసిన మనిషి ఒకరు ఈ ఊళ్లో ఉన్నారు. గ్రంథాలయం ఉన్నది అలాంటి మనిషి లోపలికి రావడానికే అని నా నమ్మకం. లతా, అందుకని తలుపులు బార్లా తీసి పెట్టమ్మా. దుమ్ము వస్తే రానీ.

ఈ శాలువా కప్పిన పెద్దలకు, తోటి ఉద్యోగులకు, వంట చేసి పెట్టిన అక్కలకు, నా మాటలకు నవ్విన వాళ్లకు, నవ్వకపోయినా కూర్చున్న వాళ్లకు నా కృతజ్ఞతలు.

చివరిగా ఒక చిన్న విషయం. ఇన్నేళ్లు ఇక్కడే ఉన్నాను కదా, నాకు సభ్యత్వ కార్డు ఎప్పుడూ అవసరం పడలేదు. ఇవాళ మధ్యాహ్నం ఫారం నింపాను. పూచీ ఇచ్చేవాళ్ల సంతకం కావాలని లత నిబంధన చూపించింది, నేను నేర్పిన నిబంధనే. (నవ్వులు) అంబమ్మను పిలిచాను. కుర్చీలో సర్దుకుని కూర్చుని, గీత దాటకుండా, ఒక్కో అక్షరం విడివిడిగా తన పేరు మొత్తం రాసింది. తర్వాత ఫారం నా చేతికివ్వకుండా ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదువుకుని, “మేడమ్, పుస్తకాలు టయానికి తెచ్చియ్యండి. నా పేరుంది దీంట్లో” అంది.

తెచ్చిస్తాను అంబమ్మా. అందరికీ సెలవు.