గోడవైపు కుర్చీ

నాలుగు గంటల చాయ తాగడంలో విన్సెంటుది ఒక తీరు. అక్క విమల పళ్లెంలో కప్పులు తెచ్చి వరండాలో పెట్టగానే తన కప్పు తీసుకొని లేస్తాడు, గోడ వైపు తిరుగుతాడు, పొగలు కక్కే చాయను కషాయం మింగినట్టు ఒక్క గుక్కలో మింగి, ఖాళీ కప్పును పళ్లెంలో బోర్లిస్తాడు. ప్లాంటు పని నుంచి తిరిగొచ్చిన ఈ రెండేళ్లలో ఆ తీరు ఒక్కనాడూ తప్పలేదు. చూసినవాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు. విమల మాత్రం తమ్ముడి వీపు చూసినప్పుడల్లా మనసులో ఒక చిన్న ప్రార్థన చేసుకునేది. ఎందుకో ఆమెకే తెలియదు.

ఆ రోజూ అంతే. గేటు బయట మొండయ్య ఆటో ఆగి ఉంది, వెనక సీట్లో డేవిడ్ బ్యాగు ఉంది; మొండయ్య కూడా చాయకు వరండాలో కూర్చున్నాడు. విమల కొడుకు డేవిడ్ వెల్డింగు పనివాడు. ఆరున్నరకు కాజీపేటలో బండెక్కి, ఎక్కడో సముద్రం ఒడ్డునున్న ఆ అణుకరెంటు ప్లాంటుకే పోవాలి. పని ఇప్పించింది మేనమామ విన్సెంటే. జీతం ఇక్కడికంటే రెండింతలు. వద్దనడానికి విమల దగ్గర భయం తప్ప కారణమేమీ లేదు. భయాన్ని ప్రభువు ముందు పెట్టవచ్చు గాని, ఎదిగిన కొడుకు ముందు పెట్టడం ఎట్లా?

"ఆడ పైలంగనే ఉంటదా మామా?" అని డేవిడ్ అడిగాడు, తల్లి కోసమే అడిగినట్టు.

కథ ఎత్తుకోవడానికి విన్సెంటుకు అది చాలు. మూలనున్న ప్లాస్టిక్ కుర్చీని ఈడ్చుకొచ్చి, గోడవైపు తిప్పి పెట్టి, దాని పక్కన నిలబడ్డాడు.

"నేను ఆడ చేసింది పెద్ద పనేం కాదు, ఉన్నదే చెప్త. చాయ ఇచ్చుడు, గంతే. కానీ ఎవలకిచ్చిన అన్నదే ముచ్చట. ఆ ప్లాంటుకు నలభై ఏండ్ల లైసెన్సు, అది ఒడిసిపాయె, ఇంకో ఇరవై ఏండ్లకు మళ్లా రాయించుకోవాలె..."

"కిరాయింటి కాగితం లెక్కనా?" అన్నాడు మొండయ్య, చాయ ఊదుకుంటూ.

"గదే అనుకో మొండన్నా. కాకపోతే కాగితం ఇచ్చేముందు లైసెన్సు ఆఫీసోళ్లు మనిషిని పంపి చూపిస్తరు. ఆ చూసుడు ఉత్తగ కాదు, గంటకింత అని ఫీజు, ప్లాంటోళ్లే కట్టాలె. పైపును చూస్తే పైపుకు, పైపు నీడను చూస్తే నీడకు."

"నడుమ దగ్గొస్తే?"

"దగ్గు సుత గంటల్నే పడ్తది. విను. పొడుగు నడవ, నడవ చివరికి ఒక ఇనుప కుర్చీ, కుర్చీకి ఎదురుంగ గోడ, గోడ అవుతల కరెంటు పుట్టించే, మంట కనబడని అణు పొయ్యి. ఆ కుర్చీల తెల్లంగి సారు కూసోని గోడనే చూస్తుంటడు. నాలుగింటికి నేను పోయి, చాయ పెట్టి, నమస్తే సార్ అన్న. సారు మళ్లి చూడలే. పది నిమిషాలాగి పోతే కప్పు ఖాళీ. మనిషి కదలలే, రెప్ప కొట్టలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తెలియదని ఎవరూ అనకముందే అందుకున్నాడు.

"నెల దాటింది, సారు భుజాల మీద దుమ్ము. రెండో నెలకు చెవికెల్లి కుర్చీ దాక సాలెగూడు. కప్పు మాత్రం దినాం ఖాళీ. గడియారం తిరుగుతనే ఉన్నది, ఫీజు పెరుగుతనే ఉన్నది. ఆ పైసలతోని రామప్పగుళ్లు నాలుగు కట్టొచ్చు! ఆఖరికి ఎట్లయిందంటే, పగలు పుట్టిన కరెంటంత ఆయన చూపు ఫీజుకే పోయేది, రాత్రి పుట్టింది మనకొచ్చేది. మన హన్మకొండల పట్టపగలు కరెంటు పోతుండె, ఎందుకనుకున్నవ్?"

"ట్రాన్స్‌ఫార్మర్ కాలి."

"కాదు, సారు కండ్లద్దాలు తుడుచుకున్నడు, దానికి సుత ఫీజే!"

"రెప్పే కొట్టనోడు అద్దాలెట్ల తుడిచిండు తమ్మీ?"

"అద్దాలు అవ్వే తుడుచుకున్నయి. నువ్వు నడుమ రాకు మొండన్నా."

డేవిడ్ పకపకా నవ్వాడు. విమల నవ్వబోయి ఆగింది. తమ్ముడు తమతో మాట్లాడుతున్నాడు గాని తమను చూడటం లేదు, ఆ కుర్చీనే చూస్తున్నాడు. ఆమెకు మరొకటి కూడా తోచింది. కప్పు పెట్టడానికి లేచిన డేవిడ్ ఖాళీ కుర్చీ ముందు నుంచి రాకుండా, వెనక నుంచి చుట్టు తిరిగి వచ్చాడు. ఎందుకట్లా వచ్చాడో వాడికీ తెలిసినట్టు లేదు.

విన్సెంటు గొంతు తగ్గింది. "ఒకనాడు ధైర్నం చేసి ముంగటికి పోయి సారు మొకం చూసిన. ఆయన అద్దాల్ల గోడ కనబడ్డది. గోడ మీద నా నీడ ఉన్నది. ఆయన నీడ లేదు."

మొండయ్య కప్పు నోటి దాకా పోయి ఆగిపోయింది.

"పెద్దసార్లు ఉరికొచ్చి నా చేతులు పట్టుకున్నరు. విన్సెంటూ, ఈయన పాణం పోయి ఏండ్లయింది, చూపు మాత్రం పోలే, లేపినమంటే చూసుడు ఆగుతది, ఆగిందంటే ఫీజంత మళ్లా మొదటికెల్లి కట్టాలె, ఇగ నువ్వే దిక్కన్నరు. జెర జరుగు సారూ అని జరిపి నేను కూసున్న. ఇరవై ఏండ్ల చూపు ఒక్క పొద్దుల చూసిన! గోడకు చెమటలు పట్టినయి. పొయ్యి కొత్తకోడలు లెక్క తలకాయ దించింది. లైసెన్సు కాగితం మిషిన్లకెల్లి దానంతటదే దిగి, నడవ పొంటి నడుసుకుంట వచ్చి నా కాళ్లకాడ ఆగింది. నా చూపు ఇప్పటికీ ఆడ్నే ఉన్నది, గందుకే నాకీ అద్దాలొచ్చినయి. ఇగ నీకేం ఫికర్ రా డేవిడూ? నువ్వు ఏ పైపు కింద పండుకోని వెల్డింగు చేసినా, మీద మామ చూపుంటది."

డేవిడ్ టైము చూసుకొని లేచాడు. "అయితే పోదాం మొండయ్య కాకా, బండి టైమైతాంది."

"తమ్మీ," అన్నది విమల. ఆమె గొంతు ఏనాడూ పెద్దది కాదు. అయినా ముగ్గురూ ఆగారు. "నువ్వు ఆడికి పోకముందు చాయ తాగకపోతివి గదా."

"ఆఁ?"

"అమ్మ పోయిననాడు ఒకలెనుక ఒకలు బతిమిలాడినా ముట్టకపోతివి. ఉత్త వేన్నీళ్లు తాగినవ్. మావోనికి చాయ వాసనే పడదని అమ్మ సుట్టాలందరికీ చెప్పుకునేది." ఆమె పళ్లెంలో బోర్లించిన కప్పును చూసింది. "ఎనిమిది నెలలు ఆడ చేసొచ్చినవ్. అప్పటిసంది నాలుగైతే చాలు, గోడకు మళ్లి మింగుతానవ్. ఆ సారు కప్పు దినాం ఎవలు ఖాళీ చేసిండ్రు తమ్మీ?"

విన్సెంటు నోరు తెరిచాడు. ఇంకో కోత వస్తుందని మొండయ్య కాచుకున్నాడు. రాలేదు.

"కుర్చీ ఖాళీగుండె అక్కా."

"ఏ దినం?"

"అన్ని దినాలు. నేను పోయిననాటిసంది. కాగితాలల్ల ఆయన పేరున్నది, గంటలున్నయి, ఫీజున్నది. మనిషే లేడు. కప్పు నిండుగ వాపసొస్తే ఎవలన్న అడుగుతరు, ఖాళీ చేసి తే అన్నడు మా మేస్త్రీ. వాసన రాకుంట ఊపిరి బిగబట్టేది. గోడకు మళ్లి కండ్లు మూసుకొని మింగేది."

"మరి గోడను ఎవలు చూసిండ్రు మామా?" అన్నాడు డేవిడ్.

"ఎవ్వలు చూడలే రా."

గేటు బయట ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. విన్సెంటు అద్దాలు తీసి అంగీ అంచుతో తుడుచుకున్నాడు.

"దుమ్ము ముచ్చట మాత్రం కోత కాదక్కా. ఖాళీ కుర్చీకి దినాం నమస్తే సార్, నమస్తే సార్ అనంగ అనంగ, ఒకనాడు నాకు భుజాలు కనబడ్డయి. భుజాల మీద దుమ్ము కనబడ్డది. ఆ మాపటికే సంచి సదురుకొని వచ్చేసిన."

"ఈ మాట ముందుగాల చెప్పొద్దా మామా?"

"ముందుగాల చెప్తే, ఆడ నేను చేసిందని చెప్పుకునేటందుకు ఇంకేముంటదిరా నాకు?"

విన్సెంటు మెట్లు దిగి, గేటు తీసి, ఆటోలోంచి మేనల్లుడి బ్యాగు రెండు చేతులతో ఎత్తుకొచ్చాడు. డేవిడ్ ఆపలేదు. బ్యాగును ఎక్కడ దించాలో తెలియనట్టు ఒక నిమిషం నిలబడి, గోడవైపు ఉన్న ఆ కుర్చీలోనే పెట్టాడు.

"ఇప్పటిదాక కోసిన కోతలన్ని నమ్మిన తమ్మీ," అన్నాడు మొండయ్య మెల్లగా, చల్లారిన చాయను చేతిలోనే పెట్టుకొని. "గీ ఖాళీ కుర్చీ ముచ్చటొక్కటే నమ్మబుద్ధైతలేదు."

విమల లేచి, బ్యాగుతో సహా ఆ కుర్చీని మనుషుల వైపు తిప్పింది.